క్రెడిట్ కార్డు అప్పు మీ అంతట మీరే తీర్చుకోవడం ఎలా?

“నెలనెలా కడుతూనే ఉన్నానండీ, బాకీ మాత్రం తగ్గట్లేదు.” ఈ మధ్య ఈ మాట తరచూ వింటున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్లు, చిన్న షాపు నడుపుకునేవాళ్లు, రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ టీచర్లు, అందరిదీ ఇదే బాధ. అందరూ అడిగేది కూడా ఒకటే: ఎక్కడ మొదలుపెట్టాలి? ఒక్కొక్కరికీ ఫోన్లో విడివిడిగా చెప్పేదంతా ఇక్కడ ఒక వరసలో రాస్తున్నాను. దీనికి కన్సల్టెంట్ అక్కర్లేదు, “మీ అప్పు మేం తీర్పిస్తాం” అని ఫీజు తీసుకునే కంపెనీ అసలే అక్కర్లేదు.

మొదలుపెట్టే ముందు ఒక లెక్క అర్థం చేసుకోండి. ఊళ్లో అప్పు తీసుకుంటే “వడ్డీ ఎంత?” అని అడుగుతాం. “నూటికి రెండు రూపాయలు” అంటారు. మూడు రూపాయలంటే వెనకాడతాం. నాలుగు రూపాయలంటే “అమ్మో” అని లేచి వచ్చేస్తాం. కార్డు వడ్డీని కూడా ఇదే భాషలో చదవండి. చాలా కార్డుల మీద నెలకి 3 నుంచి 3.75 శాతం దాకా వడ్డీ ఉంటుంది. మీది 3.5 అనుకుందాం. అంటే నూటికి మూడున్నర రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ. మామూలు అప్పుల వడ్డీ మీద జీఎస్టీ ఉండదు, కార్డు వడ్డీ మీద ఉంటుంది. రెండూ కలిపితే నూటికి 4 రూపాయల 13 పైసలు. లక్ష బాకీ ఉంటే నెలకి 4,130 రూపాయలు.

ఇప్పుడు బిల్లులో “మినిమమ్ డ్యూ”, అంటే ఆ నెల కనీసం కట్టాల్సిన మొత్తం, చూడండి. చాలా కార్డులకి అది బాకీలో 5 శాతం దగ్గర ఉంటుంది. లక్షకి 5,000. మీరు కట్టిన ఆ 5,000లో 4,130 వడ్డీకీ పన్నుకీ పోయింది. అసలులో తగ్గింది 870 రూపాయలు. “కడుతున్నా తగ్గట్లేదు” అన్నదానికి కారణం ఇంతే.

వడ్డీకి ప్రభుత్వమో కోర్టో పరిమితి పెడుతుందని కొందరు ఎదురుచూస్తున్నారు. 30 శాతం దాటకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది నిజమే. ఆ తీర్పుని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకండి.

కావలసినవి

- ప్రతి కార్డుకీ చివరి మూడు నెలల స్టేట్‌మెంట్లు. యాప్‌లో కనిపించే అంకె ఒక్కటే సరిపోదు, పీడీఎఫ్ దించుకోండి.
- జీతం పడే ఖాతా మూడు నెలల స్టేట్‌మెంటు, ఫోన్‌పే లేదా గూగుల్‌పే హిస్టరీ.
- ఒక నోట్‌బుక్కు. ఎక్సెల్ వచ్చినవాళ్లు అందులో చేసుకోండి. నేనైతే కాగితమే అంటాను, ఎదురుగా కనిపిస్తుంది.
- గోడకి వేలాడే తెలుగు క్యాలెండరు.
- రెండు గంటల టైము, ఇంట్లోవాళ్లకి నిజం చెప్పే ధైర్యం.

చివరిది ఊరికే రాయలేదు. భార్యకో భర్తకో తెలియకుండా అప్పు తీర్చడం చాలా కష్టం. ఖర్చు ఎందుకు తగ్గించాలో ఇంట్లో తెలియకపోతే ఎవరూ తగ్గించరు.

1. మొత్తం అప్పు ఒక్క పేజీలో రాయండి

ఒక్కో కార్డుకి ఒక్కో వరస. మొత్తం బాకీ, మినిమమ్ డ్యూ, గడువు తేదీ, నెల వడ్డీ (జీఎస్టీ కలిపి రూపాయల్లో), నడుస్తున్న ఈఎంఐలు. వడ్డీ రేటు స్టేట్‌మెంట్ చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. సంవత్సరానిది ఇస్తే 12తో భాగించండి. తర్వాత “ఫైనాన్స్ ఛార్జెస్” (అంటే ఆ నెల పడ్డ వడ్డీ) అన్న లైను వెతికి గత మూడు నెలల్లో ఎంత పడిందో రాసుకోండి.

మా బావమరిది విషయంలో ఈ పని మేమిద్దరం వాళ్ల వంటింటి గట్టు మీద కూర్చుని చేశాం. “మొత్తం లక్షన్నర ఉంటుంది బావా” అన్నాడు. ఒక కార్డు మీద 38,000, ఇంకోదాని మీద 74,000, మూడోదాని మీద 1,12,000. కూడితే 2,24,000. వడ్డీ లెక్క వేస్తే నెలకి 9,000 పైచిలుకు. వాళ్ల ఇంటి అద్దె 8,500. ఆ రెండు అంకెలూ పక్కపక్కన రాసేసరికి వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లోపలికి వెళ్లి భార్యని పిలుచుకొచ్చాడు.

ఇక్కడ చేసే తప్పు: ఈఎంఐగా మార్చుకున్న మొత్తాన్ని లెక్కలో వదిలేయడం. స్టేట్‌మెంట్‌లో ఈ నెల వాయిదా మాత్రమే బాకీలో కనిపిస్తుంది. మిగిలిన వాయిదాల అసలు కూడా మీ అప్పే, అది విడిగా రాసుకోండి.

2. ఈ రోజే కార్డు వాడకం ఆపండి

“ఈ నెలాఖరు వరకు” అని గడువు పెట్టుకోకండి. పాత బాకీ మోస్తున్న కార్డు మీద కొత్తగా గీకిన దానికి 45 రోజుల వడ్డీ లేని గడువు వర్తించదు. కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. పాల ప్యాకెట్టుకి కూడా నూటికి నాలుగు రూపాయల వడ్డీ.

- షాపింగ్, ఫుడ్, క్యాబ్ యాప్‌లు అన్నిట్లోంచి సేవ్ చేసిన కార్డు తీసేయండి.
- రూపే క్రెడిట్ కార్డు యూపీఐకి లింక్ చేసి ఉంటే అది ముందు తీయండి. టీ కొట్టు దగ్గర స్కాన్ చేసిన 20 రూపాయలు కూడా క్రెడిట్ మీదకే వెళ్తుంటాయి, చాలామంది గమనించరు.
- ఓటీటీ, మొబైల్ రీచార్జి, ఇన్సూరెన్స్ లాంటి ఆటో పేమెంట్లు డెబిట్ కార్డుకో బ్యాంకు ఖాతాకో మార్చండి. ఇన్సూరెన్స్ ప్రీమియం మధ్యలో ఆగిపోకుండా చూసుకోండి.
- బ్యాంకు యాప్‌లో ఆన్‌లైన్, ట్యాప్, విదేశీ లావాదేవీలు ఆఫ్ చేసే స్విచ్ ఉంటుంది. అన్నీ ఆఫ్ చేయండి.

కార్డు క్లోజ్ చేయడం ఇప్పుడే వద్దు. అది చివర్లో.

3. నెలకి ఎంత కట్టగలరో తేల్చండి

ఆదాయం లోంచి అద్దె, సరుకులు, పిల్లల ఫీజులు, మందులు, బస్సు లేదా పెట్రోలు, మిగతా అప్పుల వాయిదాలు తీసేయండి. మిగిలింది మీ కార్డు సొమ్ము. మొదటిసారి రాసినప్పుడు అందరూ తక్కువ ఖర్చు రాస్తారు. అందుకే ఊహించి రాయకుండా యూపీఐ హిస్టరీ చూసి రాయమంటున్నాను.

మన ఇళ్లలో ఖర్చు ప్రతి నెలా ఒకేలా ఉండదు. జూన్‌లో స్కూలు ఫీజులు, శ్రావణంలో పెళ్లిళ్లు, వ్రతాలు, చదివింపులు, తర్వాత దసరా, జనవరిలో సంక్రాంతికి ఊరు ప్రయాణం. ఈ నాలుగూ ముందే క్యాలెండర్‌లో గుర్తు పెట్టి ఒక్కోదానికీ ఎంతో రాయండి. ఆ నెలల్లో కార్డుకి కాస్త తక్కువ కడతారు, పర్వాలేదు. రాసుకోకపోతే పండగ రాగానే మళ్లీ కార్డు బయటికొస్తుంది.

కట్టే మొత్తం కొంచెం పెంచితే ఎంత తేడా వస్తుందో చూడండి. లక్ష బాకీ, నూటికి 4.13 రూపాయల వడ్డీ, కొత్త వాడకం లేదు:

- నెలకి 5,000 కడితే 44 నెలలు, మొత్తం కట్టేది దాదాపు 2,16,000.
- నెలకి 6,000 అయితే 29 నెలలు, దాదాపు 1,73,000.
- నెలకి 8,000 అయితే 18 నెలలు, దాదాపు 1,43,500.
- నెలకి 10,000 అయితే 14 నెలలు, దాదాపు 1,31,600.

5,000కీ 6,000కీ మధ్య తేడా వెయ్యి రూపాయలే. ఆ వెయ్యి మీకు 43,000 మిగులుస్తుంది. మొత్తం గైడ్‌లో ఒక్క ముక్కే గుర్తుంచుకోగలను అంటే, ఇది గుర్తుంచుకోండి.

జాగ్రత్త: చేతిలో ఉన్నదంతా ఊడ్చి కార్డుకి కట్టేయకండి. 10,000 నుంచి 15,000 విడిగా ఉంచుకోండి. పిల్లాడికి జ్వరం వస్తే మళ్లీ కార్డు తీయాల్సిన పరిస్థితి రాకూడదు.

4. ఏ కార్డు ముందు?

అన్ని కార్డులకీ మినిమమ్ ఆటో డెబిట్ పెట్టేయండి. మిగిలిన సొమ్మంతా ఒక్క కార్డు మీదే వేయండి. లెక్క ప్రకారం ఎక్కువ వడ్డీ ఉన్నది ముందు తీర్చాలి. రేట్లు దాదాపు ఒకటే అయితే, లేదా మీకు ఓపిక నిలవదని అనిపిస్తే, చిన్న బాకీ ముందు తీర్చండి. మా బావమరిది 38,000 కార్డుతోనే మొదలుపెట్టాడు. ఒక కార్డు తీరాక దానికి కట్టే డబ్బు మొత్తం తర్వాతి కార్డుకి మళ్లించండి, ఇంటి ఖర్చులో కలిపేయకండి.

ఇక్కడ చేసే తప్పు: “అందరికీ తలా కొంచెం” అని ఎక్కువ సొమ్ముని మూడు కార్డులకీ పంచడం. ఏదీ తీరదు, ఉత్సాహం చచ్చిపోతుంది.

5. జీతం పడ్డ రోజే కట్టండి

కార్డు వడ్డీ రోజు లెక్కన పడుతుంది. 1న జీతం వస్తే, గడువు 18 అయినా సరే 1నే కట్టండి. ఆ 17 రోజుల వడ్డీ మిగులుతుంది. డబ్బు ఖాతాలో ఉంటే ఏదో ఒక ఖర్చు పుట్టుకొస్తుంది కూడా. గడువు తేదీ జీతానికి ముందు పడుతుంటే బిల్లింగ్ సైకిల్ మార్చమని బ్యాంకుని అడగండి. కనీసం ఒక్కసారి మార్చుకునే అవకాశం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది.

గడువు దాటి 3 రోజులు మించితేనే లేటు ఫీజు వేయాలని కూడా నిబంధన ఉంది. దాన్ని అత్యవసరానికి ఉంచుకోండి, అలవాటు చేసుకోకండి. ఒకసారి పొరపాటున లేటు ఫీజు పడితే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి మర్యాదగా తీసేయమని అడగండి. పాత రికార్డు బాగుంటే చాలాసార్లు తీసేస్తారు.

6. ఖరీదైన వడ్డీని చవక వడ్డీకి మార్చగలరేమో చూడండి

నాలుగు రూపాయల అప్పుని రూపాయి అప్పుతో తీర్చడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఈ వరసలో ప్రయత్నించండి.

ఎఫ్‌డీ గానీ ఎల్‌ఐసీ పాలసీ గానీ ఉంటే దాని మీద లోన్ అన్నిటికన్నా సులువు. తర్వాత బంగారం. బీరువాలో నగ ఉంచుకుని నాలుగు రూపాయల వడ్డీ కట్టడం నాకైతే ప్రాణం ఒప్పదు. బ్యాంకులో తాకట్టు పెడితే చాలాచోట్ల రూపాయికి అటూ ఇటూ వడ్డీకి దొరుకుతుంది. లక్షకి నెలకి 10,000 చొప్పున కడితే, రూపాయి వడ్డీ మీద 11 నెలల్లో తీరిపోతుంది, మొత్తం కట్టేది 1,06,000 లోపే. కార్డుతో పోలిస్తే 25,000 పైగా మిగులు. అయితే ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. చాలా గోల్డ్ లోన్లలో సంవత్సరం చివర ఒకేసారి కట్టే వీలుంటుంది. “చివర్లో చూద్దాంలే” అనుకుంటే వడ్డీ పేరుకుని నగ వేలం దాకా వెళ్తుంది. కార్డుకి కట్టాలనుకున్న మొత్తాన్నే నెలనెలా గోల్డ్ లోన్‌లో కట్టండి. నగ ఎవరిదో వాళ్ల ఇష్టంతోనే పెట్టండి.

బంగారం లేకపోతే జీతం పడే బ్యాంకులో పర్సనల్ లోన్ అడగండి. అదీ కుదరకపోతే కార్డు బ్యాంకునే బాకీ మొత్తం ఈఎంఐగా మార్చమనండి. ఒప్పుకునే ముందు మూడు అంకెలు అడిగి రాసుకోండి: నెల వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు, ముందే తీర్చేస్తే చార్జీ. కార్డు ఈఎంఐ వడ్డీ మీద కూడా జీఎస్టీ ఉంటుంది. ఆ నెల వాయిదా పూర్తిగా మినిమమ్ డ్యూలో కలుస్తుంది.

అన్నయ్యో మేనమామో చేబదులు ఇస్తానంటే తీసుకోండి. కానీ తేదీలతో కాగితం రాసి ఇవ్వండి, అడక్కముందే కట్టండి.

చిట్టీ వేస్తున్నవాళ్లు “పాట పాడేయనా?” అని అడుగుతారు. పాటలో ఎంత వదులుకోవాల్సి వస్తుందో, మిగిలిన నెలలు ఎంత కట్టాలో రాసుకుని, నెలకి రూపాయల్లో వడ్డీ వేసుకోండి. రెండు రూపాయల లోపైతే పాడండి. మొదటి నెలల్లో పోటీ పడి పాడితే అంతకన్నా ఎక్కువే పడుతుంది.

వద్దే వద్దు అనేవి: లోన్ యాప్‌లు. ఒక కార్డు మీద ఏటీఎంలో నగదు తీసి ఇంకో కార్డుకి కట్టడం, తీసిన రోజు నుంచే వడ్డీ, పైగా ఫీజు. కార్డు గీకి కమిషన్ పట్టుకుని నగదు ఇచ్చే షాపులు. ఉత్తుత్తి అద్దె చెల్లింపులతో డబ్బు తిప్పడం. ఇవన్నీ చేసినవాళ్లు నాకు తెలుసు, ఒక్కరికీ అప్పు తగ్గలేదు.

చవక లోన్ వచ్చి కార్డు తీరాక రెండో అడుగు మళ్లీ చదవండి. లిమిట్ ఖాళీగా కనిపిస్తుంది, చెయ్యి దురద పెడుతుంది. అప్పుడు గీకితే అప్పులు రెండవుతాయి. తీరిన రోజే లిమిట్ తగ్గించమని బ్యాంకుకి రాయండి.

7. మినిమమ్ కూడా కట్టలేని పరిస్థితి అయితే

ఫోన్ ఎత్తకుండా ఉండటం పెద్ద తప్పు. ఉద్యోగం పోయిందో, ఆస్పత్రి పాలయ్యారో, కారణం రాస్తూ బ్యాంకుకి మీరే ముందు మెయిల్ పెట్టండి. చిన్న ఈఎంఐలుగా మార్చమని అడగండి. ఫోన్లో ఏం మాట్లాడినా తర్వాత మెయిల్‌లో రాసి పంపండి.

రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. తిట్టడం, బెదిరించడం, బంధువుల దగ్గర పరువు తీయడం నిషిద్ధం. అలా జరిగితే తేదీ, టైము, నంబరు రాసిపెట్టి ముందు బ్యాంకుకి ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే అధికారి) ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకి 14448 నంబరు ఉంది.

“సగం కట్టండి, సెటిల్ చేస్తాం” అనే ఆఫర్ వస్తుంది. నిజంగా దారి లేనివాళ్లకే అది. క్రెడిట్ రిపోర్టులో (మీ అప్పుల చరిత్ర అందులోనే ఉంటుంది) “క్లోజ్డ్” బదులు “సెటిల్డ్” అని పడుతుంది, తర్వాత హోమ్ లోన్‌కి వెళ్లినప్పుడు అదే అడ్డం. తీసుకోక తప్పదంటే, బ్యాంకు లెటర్‌హెడ్ మీద సెటిల్‌మెంట్ లేఖ చేతికి వచ్చాకే కట్టండి. అది కూడా కార్డు ఖాతాలోకే. ఏజెంట్ సొంత యూపీఐకి ఒక్క రూపాయి కూడా వేయకండి.

8. పని జరుగుతోందో లేదో చూసుకోవడం

మా ఇంట్లో పాల లెక్క క్యాలెండర్ గడుల్లో రాస్తాం. కార్డు లెక్క కూడా అక్కడే రాయండి. స్టేట్‌మెంట్ వచ్చిన రోజు గడిలో రెండు అంకెలు: మొత్తం బాకీ, ఫైనాన్స్ ఛార్జెస్. రెండూ కిందటి నెల కన్నా తగ్గాలి. బాకీ తగ్గకపోతే ఎక్కడో కొత్త ఖర్చు పడుతోందన్నమాట. స్టేట్‌మెంట్ లైను లైను చదవండి. నాకు ఒకసారి అలా వెతికితే, ఎప్పుడో ఫ్రీ అని ఒప్పుకున్న ఏదో ప్రొటెక్షన్ ప్లాన్ నెలనెలా పడుతూ దొరికింది. మెయిల్ పెట్టి ఆపించాను.

చివరి నెలలో దాదాపు అందరూ ఒకేచోట పొరబడతారు. నేనూ పొరబడ్డాను. బాకీ మొత్తం కట్టేసి, యాప్‌లో సున్నా చూసి, ఇక అటువైపు చూడలేదు. తర్వాతి స్టేట్‌మెంట్‌లో 1,140 రూపాయలు వచ్చింది. అది స్టేట్‌మెంట్ తయారైన రోజుకీ నేను కట్టిన రోజుకీ మధ్య వడ్డీ. చూడకపోవడంతో గడువు దాటింది, లేటు ఫీజు పడింది, రిపోర్టులో మచ్చ పడింది. అందుకే సున్నా కనిపించాక కూడా ఇంకో రెండు స్టేట్‌మెంట్లు చూడండి. వరసగా రెండింటిలో ఫైనాన్స్ ఛార్జెస్ సున్నా ఉంటేనే తీరినట్టు.

ఆ తర్వాత బాకీ ఏమీ లేదని బ్యాంకు ఇచ్చే “నో డ్యూస్” లేఖ అడిగి తీసుకోండి. నెలా రెండు నెలలాగి క్రెడిట్ రిపోర్టు తీయండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్, ఈ రిపోర్టులు తయారుచేసే నాలుగు సంస్థలూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. డబ్బు కట్టమని అడిగే పేజీ వస్తే వెనక్కి వెళ్లి ఉచిత రిపోర్టు లింకు వెతకండి. బాకీ ఇంకా చూపిస్తుంటే అదే సైట్‌లో వివాదం నమోదు చేసి నో డ్యూస్ లేఖ జత చేయండి.

9. కార్డు ఉంచాలా, తీసేయాలా

వార్షిక ఫీజు లేని పాత కార్డు ఒకటి, తక్కువ లిమిట్‌తో ఉంచుకోవచ్చు. నెలనెలా పూర్తి బిల్లు కట్టగలనన్న నమ్మకం ఉంటేనే. నమ్మకం లేకపోతే అదీ వద్దు, క్రెడిట్ స్కోరు కాస్త తగ్గితే తగ్గనివ్వండి.

క్లోజ్ చేసే ముందు రివార్డ్ పాయింట్లు వాడేసుకోండి, ఆటో పేమెంట్లు ఏవీ మిగల్లేదని చూసుకోండి. మెయిల్‌లో గానీ యాప్‌లో గానీ అభ్యర్థన పెట్టి నంబరు రాసుకోండి. బాకీ లేని కార్డుని బ్యాంకు 7 పనిదినాల్లో మూసేయాలి. ఆలస్యమైతే రోజుకి 500 రూపాయలు మీకు ఇవ్వాలి. “ఫీజు మాఫీ చేస్తాం, ఉంచుకోండి సార్” అని ఫోన్ వస్తుంది. వద్దని చెప్పి పెట్టేయండి. క్లోజ్ అయినట్టు మెయిల్ వచ్చాక కార్డుని చిప్ మీదుగా, మాగ్నెటిక్ పట్టీ మీదుగా కత్తిరించి పారేయండి. ఆ మెయిల్‌నీ నో డ్యూస్ లేఖనీ ప్రింట్ తీసి ఇంటి కాగితాల ఫైల్లో పెట్టండి.